కార్డులో లేని నేత్ర

సుబ్బలక్ష్మమ్మకు భయం లేనిది ఈ లోకంలో ఏదైనా ఉందేమోనని నేను చాలా రోజులు వెతికాను. దొరకలేదు. బల్లి అంటే భయం, బస్సంటే భయం, ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. చింతామణిలో మా నర్సింగ్ హోమ్‌లో ఆమె కూర్చునే బల్లకూ నా మందుల కిటికీకీ మధ్య అడ్డం ఏమీ లేదు కాబట్టి, ఆ భయాలన్నిటికీ మొదటి సాక్షిని నేనే. నా పేరు అమరేష్. మందులమ్ముతాను. కోపం కొంచెం ఎక్కువని నా చెవిన పడేట్టే అంటుంటారు.

ఆమె పుట్టింది బాగేపల్లిలో, నూనె, బెల్లం అమ్మే అంగడివాళ్ల ఇంట్లో. ఆ బజారులో నిలబడి సుబ్బలక్ష్మమ్మ పుట్టిల్లు ఏదంటే ఒక్కరూ చెప్పలేరు. అక్కడ ఆమెను పిలిచేది పాపమ్మ అని; పాపమ్మ ఇల్లంటే చిన్నపిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. చిన్నప్పుడు అంగడిలో నూనె డబ్బా దొర్లితే నాన్న తిడతాడేమోనని బెల్లం బస్తాల వెనక దాక్కుని అక్కడే నిద్రపోయిందట, ఊరు ఊరంతా ఆమె కోసం వెతికిందట. పెళ్లయి చింతామణికి వచ్చింది. భర్త గంగప్పకు చిల్లర అంగడి. ఆయన నోట్లోంచి గట్టిగా ఒక మాట రావడం నేను వినలేదు గానీ, ఆయనన్నా ఆమెకు భయమే.

పి.యు.సి. చదివింది. మా వైపు ఇంట్లో మాట తెలుగే అయినా సర్కారు కాగితాలన్నీ కన్నడంలోనే, ఆమె కన్నడం ముత్యాల్లా రాస్తుంది. ఆ రాత చూసే మా డాక్టరు రామచంద్రప్ప ఆమెను తెచ్చి బీమా బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. సహకార సంఘాల రైతుల కోసం సర్కారు పెట్టిన ఆరోగ్య బీమా అది. డెయిరీలో పాలు పోసే ఇళ్లకు కార్డులిచ్చారు. ఊళ్లలో దాన్ని పాల కార్డు అనేవాళ్లు. అందులో పేరున్నవాళ్లకు, పథకంలో చేరిన ఆస్పత్రిలో ఆపరేషన్ చేస్తే ఆ భారం వాళ్ల మీద పడదు. కత్తి పెట్టేముందు ఫలానా మనిషికి ఫలానా ఆపరేషన్ అని ఆస్పత్రివాళ్లు ఫ్యాక్స్ పంపి, సరే అన్న జవాబు తెప్పించుకోవాలి. చెప్పుకుంటే అంతే పని. సుబ్బలక్ష్మమ్మ చేతిలో అది పాము పుట్టలో చెయ్యి పెట్టినంత పనయ్యింది.

ఆస్పత్రులవాళ్లకు ఈ పథకం సంగతులు చెప్పడానికి చిక్కబళ్లాపురంలో మీటింగు పెడితే డాక్టరు ఆమెనే పంపాడు. తిరిగి వచ్చినప్పుడు ఆమె ముఖం చావింటి నుంచి వచ్చినట్టుంది.

"ఏమి చెప్పినారమ్మా?" అన్నాను.

"పేరు సరిపోకపోతే ఆస్పత్రినే తీసేస్తారంట అమరేషప్పా. పక్కింటోళ్ల కార్డు తెచ్చినా, చచ్చినోళ్ల కార్డు తెచ్చినా కేసు పెడతారంట. రాసుకున్నోళ్లను పిలిపిస్తారంట."

"ఎవర్ని?"

"రాసుకున్నోళ్లను. అంటే నన్నే గదప్పా!"

మంచి మాటలు నూరు చెప్పి ఉంటారు. ఈమె మనసుకు పట్టింది ఆ ఒక్కటే. ఆ రోజు నుంచి బల్ల ముందుకు ఎవరొచ్చినా ముందు ఈ హెచ్చరిక చదివి వినిపించేది. వచ్చినవాళ్లు నొప్పి మరిచిపోయి బిత్తరపోయేవాళ్లు. "నువ్వు భయపడేది చాలక వాళ్లనెందుకమ్మా బెదిరిస్తావు" అని నేను విసుక్కుంటే, "చెప్పకపోతే తప్పు నాదైతాది" అనేది.

ఒక్క విషయంలో మాత్రం ఆమెకు సాటి లేదు. మా ప్రాంతం ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో చెప్పరు కదా. కార్డులో భర్త పేరు సరిచూడాలంటే రిసెప్షన్ పిల్లలు తల పట్టుకునేవాళ్లు. సుబ్బలక్ష్మమ్మ మెల్లగా, "కొండమీద సామి పేరా? పాముల సామి పేరా?" అని అడుగుతూ పోయేది. ఆవిడ సిగ్గుపడి తలూపగానే పట్టేసేది. మొగుళ్ల పేర్లు అంత బాగా పట్టే మనిషి ఒక రోజు ఒక పేరు దగ్గర ఎట్లా తప్పిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మురుగమల్ల దర్గాకు జనం విరగబడి పోయే రోజది. మురుగమల్ల పక్క ఊరి నుంచి మునివెంకటమ్మ అనే ఆమె కూతుర్ని తీసుకొని వచ్చింది. పిల్లకు ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. కడుపు పట్టుకుని సగానికి వంగి నడుస్తోంది. తండ్రి టమోటా లోడుతో మద్రాసు పోయాడట. డాక్టరు పిల్ల కడుపు కుడిపక్క నొక్కి వదిలాడు. వదిలినప్పుడు పిల్ల కెవ్వుమంది.

"అపెండిక్స్. ఈ పొద్దే తీసేయల్ల. ఫ్యాక్స్ పంపండి" అని చెప్పి, అప్పటికే లోపల ఎదురుచూస్తున్న కాన్పు మనిషి కోసం థియేటర్లోకి పోయాడు.

తల్లీకూతుళ్లు బల్ల ముందుకొచ్చారు.

"బిడ్డ పేరేమమ్మా?"

"నేత్ర, మా."

మునివెంకటమ్మ నడుముకు దోపుకున్న కార్డు తీసి ఇచ్చింది. లామినేషన్‌లోకి నీళ్లు దిగి వయసులు అలికిపోయాయి, ఫొటోలో ముఖాలు తెల్ల మచ్చలయ్యాయి. పేర్లు మాత్రం నిలిచాయి. రవీంద్ర, మునివెంకటమ్మ, లక్ష్మీనరసమ్మ.

"నేత్ర లేదే ఇందులో! లక్ష్మీనరసమ్మ ఎవరు?"

మునివెంకటమ్మ చటుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అది మా అత్తమ్మ పేరు, మా. నేను పలక్కూడదు."

"మీ అత్త యాడుండాది?"

"పోయింది. ఈ బిడ్డ నా కడుపులో ఉన్నప్పుడే పోయింది ఆయమ్మ."

సుబ్బలక్ష్మమ్మ కార్డును బల్ల మీద పడేసి వెనక్కి జరగడం నా కిటికీలోంచి కనిపించింది. చిక్కబళ్లాపురంలో విన్నదంతా ఒక్కసారిగా ఆమె నెత్తికెక్కింది. "చచ్చిపోయినామె పేరుండే కార్డు తెస్తారా? దీనికి ఏమైతాదో తెలుసా మీకు? మిమ్మల్నీ పిలుస్తారు, నన్నూ పిలుస్తారు!" అని గొంతు చించుకుంది. అది అరుపు కాదు, ఏడుపుకు ముందొచ్చే గొంతు. మునివెంకటమ్మ ఏదో చెప్పబోయి బెదిరి ఆగిపోయింది. పిల్ల తల్లి చీర కుచ్చిళ్లు పట్టుకుని నేల మీద కూలబడింది.

పిల్లను చూసి సుబ్బలక్ష్మమ్మ మెత్తబడింది. నావైపు తిరిగి, "పాపం, బిడ్డ అల్లాడిపోతాండాది. ఎట్లన్నా కానీ, ముందు కేసు రాసేస్తా. తర్వాత సారు చూసుకుంటాడు" అంటూ లోపలి గదిలోకి పోయింది.

మా ఆస్పత్రిలో కేసు రాయడమంటే రోగి పేరూ జబ్బూ కాగితం మీద ఎక్కించి చేర్చుకోవడం. రోజూ మేము పలికే మాటే. ఆమె ఆ మాటన్నది జాలితో. కానీ అంతకు ముందు నిమిషంలో మిమ్మల్నీ పిలుస్తారు, నన్నూ పిలుస్తారు అని విన్న ఆ తల్లి చెవిలో అది ఎట్లా పడిందో మా ఇద్దరికీ తట్టలేదు. నా కిటికీ దగ్గర జనం ఉన్నారు. సుబ్బలక్ష్మమ్మ కాగితం తీసుకొని వచ్చేసరికి బల్ల ముందు ఎవరూ లేరు. కార్డు మాత్రం బల్ల మీదే ఉంది.

మొదట బాత్రూముకు పోయుంటారనుకున్నాం. వార్డులో చూశాం, వెనక కొళాయి దగ్గర చూశాం, వీధిలోకి పోయి అటూ ఇటూ చూశాం. ఇంతలో డాక్టరు బయటికి వచ్చాడు.

"బిడ్డ యాడ?"

వెళ్లిపోయారని నేనే చెప్పాను. సంగతి తెలిసి ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చేతి తొడుగులు తీస్తూ మెల్లగా చెప్పాడు. "ఇంటికి పోయి కాపడం పెడతారు. కొంచెంసేపటికి నొప్పి తగ్గిపోతాది. బాగయిందనుకుంటారు. నొప్పి తగ్గిందంటే లోపల పగిలిందని అర్థం. మళ్ళీ జ్వరమొచ్చి తీసుకొచ్చేసరికి మన చేతిలో ఏమీ ఉండదు. కార్డు గీర్డు తర్వాత, ముందు బిడ్డను తెండి."

సుబ్బలక్ష్మమ్మ బల్ల మీది కార్డు చేతిలోకి తీసుకుంది. అట్లాగే నిలబడి, "నేనే తరిమేసినా" అంది. మళ్ళీ అదే మాట. నాకు ఒళ్లు మండింది. "ఏడ్చేదానికి తర్వాత టైముండాది, ముందు ఎక్కమ్మా" అని నా మోపెడ్ స్టార్ట్ చేశాను. పదేళ్లుగా మొగుడి స్కూటరు కూడా ఎక్కని మనిషి కొంగు బిగించి ఎక్కి కూర్చుంది. వెనక నుంచి నా చొక్కా ఎంత గట్టిగా పట్టుకుందంటే కాలరు గొంతుకు బిగిసి నాకు ఊపిరాడలేదు.

బస్టాండు నిండా దర్గా జనం. పూల బుట్టలు, చంటిపిల్లలు, మూటలు, మురుగమల్ల బోర్డు పెట్టిన బస్సులు వరసగా నాలుగు. ఆ బస్సుల్లో ఒకటి ఇంజను వేసి గుర్రుమంటోంది. సుబ్బలక్ష్మమ్మ ఒక్కో కిటికీ కిందికి పరిగెత్తి, "మునివెంకటమ్మా! నేత్రా! నేత్రా!" అని పిలిచింది. కిటికీల్లోంచి జనం వింతగా చూశారు తప్ప పలికిన గొంతు లేదు. ఎట్లా పలుకుతారు? పోలీసు కేసుకు భయపడి దాక్కున్న మనిషి, ఆ కేసు రాసిన మనిషే వచ్చి పిలుస్తుంటే పలుకుతుందా? నేను కదిలే బస్సుకు అడ్డం నిలబడ్డాను. కండక్టరు నన్ను తిట్టాడు, నేను అంతకు రెండింతలు తిట్టాను.

ఆ గొడవలో ఆమె నా చెయ్యి పట్టి లాగింది.

"అమరేషప్పా, ఈ పాల కార్డులు వచ్చి ఎన్నేండ్లాయ?"

"ఇప్పుడెందుకమ్మా అది? ఐదేండ్లో ఏమో."

"ఆ బిడ్డకు అంతకంటే ఎక్కువే గదా. బిడ్డ కడుపులో ఉండంగానే పోయినామె పేరు కార్డులోకి ఎట్లొస్తాది?"

నేను వెర్రిచూపు చూశాను. ఆమె చేత్తో నొసలు కొట్టుకుంది. "అవ్వ పేరు బిడ్డకు పెట్టినారు, అది అత్త పేరు కాదప్పా! బిడ్డ పేరు! నాకి తెలీలేదే, నాకే తెలీలేదే!" అని ఇంజను వేసిన బస్సు మెట్టెక్కింది. జనాన్ని తోసుకొని లోపలికి పోయి, బస్సంటేనే భయపడే మనిషి, బడిలో మిస్సు హాజరు పిలిచినట్టు సాగదీసి పిలిచింది.

"లక్ష్మీనరసమ్మా!"

బస్సు వెనక వైపు నుంచి, సీట్ల కింది నుంచి, సన్నని గొంతు వచ్చింది.

"ఎస్ మిస్."

అలవాటు అట్లాంటిది. రోజూ పొద్దున ఆ పేరు వినబడగానే పలకాలి, లేకపోతే దెబ్బ పడుతుంది. నొప్పితో మెలికలు తిరుగుతున్నా ఆ పిల్ల నోరు దానంతటదే పలికింది. తల్లి పిల్లను రెండు సీట్ల మధ్య నేల మీద పడుకోబెట్టి, పైన కొంగు కప్పి, కనపడకుండా వంగి కూర్చుంది. మమ్మల్ని చూడగానే రెండు చేతులూ జోడించింది.

"కేసు రాయొద్దు మా. మీ కాళ్లు పట్టుకుంటా. కార్డు ఆడనే పెట్టేసి వచ్చినాము, మాకొద్దు ఆ కార్డు. బిడ్డ నాయన ఊర్లో కూడా లేడు."

సుబ్బలక్ష్మమ్మ అక్కడే జనం కాళ్ల మధ్య కూర్చుంది. "కేసంటే పోలీసు కాదు తల్లీ. బిడ్డను చేర్చుకునే కాగితం. తప్పు నాది. లే, బిరీన పోదాం. కార్డు మీదే, పేరూ మీ బిడ్డదే" అని ఆమె చేతులు పట్టుకుంది. అప్పటిదాకా తిట్టిన కండక్టరే పిల్లను ఎత్తుకుని కిందికి దించాడు.

ఆటోలో వాళ్లు ముగ్గురు, పక్కనే మోపెడ్ మీద నేను. సంత వీధి మలుపులో ఆటో ఆగినప్పుడు పిల్ల తల్లి ఒడిలోంచి తలెత్తి, "అమ్మా, ఇప్పుడు నొప్పి లేదు" అంది. మునివెంకటమ్మ ముఖం వికసించింది. "దేవుడు చల్లగా చూసినాడు, ఇంగ ఆపరేషను వద్దేమో మా" అంది సుబ్బలక్ష్మమ్మతో. సుబ్బలక్ష్మమ్మ తలెత్తి నావైపు చూసింది. డాక్టరు చెప్పిన మాట ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. నేను హారను నొక్కిపెట్టి ఆటో ముందుకు పోయి దారి చేశాను. అంత భయం నేను ఆ తర్వాత ఎప్పుడూ పడలేదు. ఆమె ఆ తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పోనీయప్పా, పోనీ" అని ఆటోవాడి భుజం మీద కొడుతూనే ఉంది.

డాక్టరు జవాబు కోసం ఆగలేదు, పిల్లను నేరుగా లోపలికి తీసుకుపోయాడు. సుబ్బలక్ష్మమ్మ లక్ష్మీనరసమ్మ అని రాసి ఫ్యాక్స్ పంపింది. వాళ్ల ఊరి బడి హెడ్‌మాస్టరుకు ఫోను చేసి, హాజరులో ఆ పేరే ఉందని ఆయన నోటితో చెప్పించుకుంది. ఆపరేషన్ నడుస్తుండగానే సరేనని జవాబొచ్చింది. మామూలు రోజయితే ఆ కాగితాన్ని కళ్లకద్దుకునేది. ఆ రోజు దాని వైపు చూడలేదు. థియేటరు తలుపు ఎదురుగా బెంచీ మీద కూర్చుంది. బెంచీకి ఆ చివర మునివెంకటమ్మ.

తిట్టాలనుకున్నవన్నీ మనసులో వరసపెట్టుకుని నేను సుబ్బలక్ష్మమ్మ పక్కన నిలబడ్డాను. ఆమే ముందు మాట్లాడింది.

"సుబ్బలక్ష్మమ్మ మా అవ్వ పేరప్పా. మా నాయనకు అమ్మ. ఆయమ్మ పేరు నాకి పెట్టినారు. మా అమ్మ అత్త పేరు పలకదు గదా, నన్ను పాపా అనింది. అది విని ఊరంతా పాపమ్మ అనింది. బళ్లో చేరినప్పుడు మిస్సు హాజరు పిలిస్తే అది నా పేరని తెలీక పలకలే. బెత్తంతో కొట్టింది. నా పేరు నేను విన్నది ఆడనే, దెబ్బతోనే."

కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మా అమ్మ పోయిన ఏడు పోయింది. ప్రాణం పోయేటప్పుడు కూడా పాపా అనే పిలిచింది. ఒగసారైనా నా పేరు పెట్టి పిలవలేదు. అట్లాంటిదాన్ని, నేనే ఆ బిడ్డను తెలుసుకోలేకపోతినే. ఏమన్నా అయితే ఎట్లప్పా నేను బతికేది?"

 వరసపెట్టుకున్న తిట్లన్నీ ఎగిరిపోయాయి. నేను కూడా ఆ బెంచీ మీదే కూర్చున్నాను. తలుపు అవతల ఏ చప్పుడైనా ముగ్గురం ఒకేసారి తలెత్తేవాళ్లం.

డాక్టరు బయటికి వచ్చి మాస్కు దించాడు. పగిలింది గానీ అప్పుడే పగిలిందనీ, లోపలంతా కడిగాననీ చెప్పాడు. ఇంకొంచెం ఆలస్యమైతే తన వల్ల కాకపోయేదన్నాడు. "ఇప్పుడు మత్తు దిగల్ల. పక్కన కూర్చుని పిలవండి, పలకల్ల ఆ పిల్ల" అన్నాడు.

మునివెంకటమ్మ మంచం పక్కన నిలబడి, "నేత్రా... నేత్రా..." అని పిలిచింది. పిల్ల కదల్లేదు. పెదవులు ఎండిపోయి, ముఖం పాలిపోయి ఉంది. నర్సు చెంపలు తట్టింది. "నేత్రా, నా తల్లీ, కండ్లు తెరు" అని తల్లి గొంతు పగిలేట్టు పిలిచింది. చలనం లేదు. మునివెంకటమ్మ గుండె మీద కొట్టుకోవడం మొదలుపెట్టింది. నర్సు డాక్టరు కోసం పరిగెత్తింది. 

సుబ్బలక్ష్మమ్మ ముందుకు పోయి ఆమె చేతులు పట్టుకుని ఆపింది.

"ఆ పేరుతో పిలు."

"మా అత్త పేరు, మా!"

"అత్తది కాదు. నీ బిడ్డది. పిలువమ్మా!"

మునివెంకటమ్మ పైకి చూసి, "తప్పయింది అత్తా" అంది. పెదవులు కదిలాయి గానీ మొదట గాలే వచ్చింది. తొమ్మిది నెలలు మోసి, పాలిచ్చి, ఇంత పెంచిన కూతురి పేరు ఆ తల్లి నోటికి ఎప్పుడూ రాని పేరు. రెండోసారి వచ్చింది.

"లక్ష్మీనరసమ్మా..."

పిల్ల కనురెప్పలు అదిరాయి.

"లక్ష్మీనరసమ్మా!"

"ఎస్ మిస్" అంది పిల్ల, మత్తులోనే. తర్వాత కళ్లు తెరిచి మిస్సు కోసం గదంతా వెతికింది. తల్లి ముఖం దగ్గర ఆ చూపు ఆగింది.

"పిలిచింది నువ్వా మా?"

"నేనే" అంది మునివెంకటమ్మ.

"ఇంగొగసారి పిలు."

ఆమె పిలుస్తూనే ఉంది. సుబ్బలక్ష్మమ్మ అప్పటికే గదిలో లేదు. నేను నా కిటికీ దగ్గరికి తిరిగి వచ్చేసరికి, బీమా బల్ల మీద తల పెట్టుకుని, ముందు వరసగా నిలబడ్డ జనం చూస్తున్నా పట్టించుకోకుండా, అమ్మా అమ్మా అని ఏడుస్తోంది.